పాత ఓడే కావాలన్నాడు

తిరుపతి బస్టాండ్ వెనక ఒక లాడ్జి గదిలో నిఘా విభాగం అధికారి ప్రసన్నకుమారి టేబుల్ మీద రెండు రంగుల బ్రోచర్లు పరిచింది. రెండింటి మీదా ఓడలే.

"సెలవుకు పోతే నువ్వు ఏది ఎక్కుతావు హరినాథ్?"

సీక్రెట్ ఏజెంట్ హరినాథ్ రెండింటినీ చూశాడు. "కొత్తదే మేడమ్. ఎవరైనా అంతే."

"మునిచంద్ర పాతది అడుగుతున్నాడు."

మునిచంద్ర శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీ ఇంజనీరు. అక్కడ తయారయ్యే రాడార్ చిప్ డిజైన్ చోరీ అయింది. ఒక విదేశీ ముఠా దాన్ని చెన్నై నుంచి ఓడలో దాటించబోతోంది. 'సాగరరాణి' కొత్త ఓడ. అడుగడుగునా కెమెరాలు, ప్రతి పెట్టెకూ స్కానర్. 'నీలవేణి' పాతది. సామాన్లు కూలీలే మోసి గదులకు చేరుస్తారు.

"ఈ సమాచారం ఎవరిది?"

"పల్లవిది. ట్రావెల్ ఆఫీసులో పనిచేస్తుంది. ముఠా మనిషే, కానీ మనకు పనిచేస్తోంది. డబుల్ ఏజెంట్."

మర్నాడు హరినాథ్ ఓడ కంపెనీ ప్రతినిధి వేషంలో ఆ ఆఫీసులో కూర్చున్నాడు. కళ్ళజోడు ఫ్రేములో కెమెరా. పక్కన నెమలికంఠం రంగు చీరలో పల్లవి. ఆమె నవ్వుతుంటే అతను పనిని ఒక్క క్షణం మరిచిపోయాడు.

ఎదుట మునిచంద్ర, కొడుకు మోచెయ్యి పట్టుకుని తల్లి గురవమ్మ. హరినాథ్ అందరికీ టీ తెప్పించాడు.

"సార్, అదే ధరకు సాగరరాణి ఇస్తాం. ఈతకొలనులు, థియేటర్, పన్నెండు హోటళ్ళు."

"వద్దు సార్. పాతదే."

"కారణం?"

మునిచంద్ర తల్లి వైపు చూసి, తల దించుకున్నాడు. "మా అమ్మకి అదే సులువు."

అతను వెళ్ళగానే పల్లవి చెవి దగ్గరికి వంగింది. "చూశారుగా. కళ్ళలోకి చూడలేకపోయాడు. సరుకు తల్లి సంచిలోనే వెళ్తుంది."

హరినాథ్ నమ్మాడు.

ప్రయాణం రోజు తడ చెక్‌పోస్ట్ దగ్గర మునిచంద్ర, గురవమ్మ ఉన్న ట్రావెల్ వ్యాను ఆగింది. కస్టమ్స్ యూనిఫాం, అతికించిన మీసంతో హరినాథ్ ఎదురొచ్చాడు. ప్రయాణికులను సాగనంపే వంకతో వ్యానులోనే ఉన్న పల్లవి, దిగుతూ కోడ్ వర్డ్ పలికింది. "ఈసారి మామిడి బాగా కాసింది సార్."

అంటే సరుకు వాళ్ళ దగ్గరే ఉందని.

పెట్టెలన్నీ టేబుల్ మీదికి చేరాయి. ఏమీ దొరకలేదు. మిగిలింది గురవమ్మ ఒడిలోని గుడ్డసంచి.

"అది ఇవ్వమ్మా."

"ఇది వద్దప్పా. కావాలంటే నా కమ్మలు తీసి సూసుకో. ఇది మాత్రం వద్దు."

ఆ మాటతో సరుకు అందులోనే ఉందని అతనికి రూఢి అయింది. సంచి లాక్కుని బోర్లించాడు.

పెద్దవాళ్ళు కట్టుకునే డైపర్లు. మడత పెట్టిన రబ్బరు షీటు. పాత చీర చింపి కుట్టిన మెత్తటి గుడ్డలు.

లారీల వరసలో ఎవరో నవ్వారు. గురవమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది.

"కొత్త ఓడలో లిఫ్టుకీ గదికీ ఒక వీధంత దూరం మేడమ్," అన్నాడు మునిచంద్ర, పల్లవి వైపు తిరిగి. "బాత్రూములో ఇద్దరు నిలబడలేరు. పాతదాంట్లో గది పెద్దది. నేను పట్టుకోవచ్చు. సముద్రం మీద పోవాలని అడిగింది మాయమ్మ. ఆ పొద్దు ఆఫీసులో అందరి ముందరా ఎట్ల సెప్పేది?"

హరినాథ్ ఎవరి ముఖమూ చూడలేకపోయాడు. చూపు ఖాళీ సంచి మీదికి వాలింది. దాని పిడికి ట్రావెల్ కంపెనీ తోలు ట్యాగ్. ఉండవలసిన దానికన్నా మందంగా ఉంది.

"ఈ ట్యాగ్ ఎవరు కట్టారు?"

"ఈ పాపే కట్టింది, పొద్దున," అంది గురవమ్మ కొంగు చాటునుంచి.

పల్లవి చెయ్యి అప్పటికే ట్యాగ్ మీద ఉంది. లిప్‌స్టిక్ మూత తీసింది. తెల్లటి పొగ అతని ముఖాన కొట్టింది. కళ్ళు మండిపోయాయి. ట్యాగ్ తెంపుకుని ఆమె పరుగెత్తింది. రోడ్డవతల స్టార్ట్ చేసి ఉన్న ఎవరిదో మోటార్‌సైకిల్ ఎక్కింది. పది గజాల అవతల గేటు, దాటితే తమిళనాడు.

హరినాథ్ తడుముకుంటూ వెళ్ళి గేటు బటన్ మీద పిడికిలితో గుద్దాడు. అడ్డకర్ర మోటార్‌సైకిల్ ముందు చక్రానికి అడుగు దూరంలో దిగింది. బండి పక్కకు పడింది. పల్లవి చేతిలోని ట్యాగ్ చిరిగి, గోరంత మైక్రోచిప్ తారు మీద పడింది.

"మీరు నన్ను ఒక్కమాట కూడా అడగలేదు," అంది ఆమె, బేడీలు పడుతుంటే. "మీరు ఒకసారి వెతికిన సంచిని ఓడ దాకా ఇంకెవరూ ముట్టరనే దానికి కట్టాను. నేను ఏం చెప్పినా నమ్మారు."

అది నిజం కావడమే అతన్ని ఎక్కువ బాధించింది.

కళ్ళు కడుక్కుని, చెదిరిన గుడ్డలను తనే ఏరి, మడత పెట్టి, సంచిలో సర్దాడు. ఓడ కదిలేలోగా చేర్చాలని తల్లీకొడుకులను డిపార్ట్‌మెంట్ కారులో తనే తీసుకెళ్ళాడు. చెమటకు మీసం ఒక పక్క ఊడింది.

"మాకు టీ తెప్పించిన సార్ కదా మీరు," అన్నాడు మునిచంద్ర, అద్దంలో చూస్తూ.

"అవును." ఊడిన మీసాన్ని పీకి జేబులో వేసుకున్నాడు.

రేవులో గురవమ్మను చెయ్యి పట్టి దించాడు. "క్షమించమ్మా. తప్పు చేసినాను," అన్నాడు. ఉద్యోగంలో చేరాక ఎన్ని యాసలు నటించినా, ఈసారి వచ్చింది ఇంటి మాటే.

ఆమె సంచిని చంకలో పెట్టుకుని, అతన్ని ఎగాదిగా చూసింది.

"తిరిగొచ్చేటప్పుడు గూడా ఆ తడ కాడ నువ్వే ఉంటావా అప్పా?"

"ఉండనమ్మా. ఎందుకు?"

"ఉండేమాటయితే సెప్పు. మేము వేరే దోవలో వస్తాం."