తాడుకి ఆ చివర

ఆ గనిలో వరుసగా నడిచేవాళ్ళలో ఆఖరి మనిషి ఆఖరి మనిషి కాదట.

అంటే... నీ వెనక ఎవరూ లేరని నీకు తెలుసు. అయినా నువ్వు ఆగితే, నీ వెనక ఇంకో అడుగు ఆగుతుంది — ఒక్క క్షణం ఆలస్యంగా. తిరిగి చూస్తే నీళ్ళు కదులుతుంటాయి. అంతే.

గని మూతబడి చాలా ఏళ్ళయింది. కొండ కడుపులోకి తొలిచిన పొడుగాటి సొరంగం. నోటి దగ్గర తుప్పు పట్టిన ఇనప గేటు. లోపల చీలమండలు మునిగే నీళ్ళు. మేకలు కాసేవాళ్ళు కూడా ఎండ ఎంత మండినా ఆ గేటు నీడలో కూచోరు.

అలాంటి చోటికి ఎవరైనా కావాలని పోతారా అంటే, పోతారు. గబ్బిలాల క్లబ్బు వాళ్ళు పోతారు.

క్లబ్బుకి పెద్ద పేరే ఉంది, బోర్డు కూడా రాయించుకున్నారు. కానీ అందరూ పిలిచేది మాత్రం గబ్బిలాల క్లబ్బనే. జనం వదిలేసిన చోట్లు వెతుక్కుంటూ పోవడం వాళ్ళ సరదా. మూసేసిన మిల్లులు, కొండగుహలు, భూమి కింద వాననీటి కాలవలు. వెళ్ళడం, కొలవడం, ఫొటోలు తీయడం, పటం గీయడం. ఆదివారం సాయంత్రం లైబ్రరీ వెనక గదిలో ఆ పటాలు బల్ల మీద పరిచి, ఏ ముడి గట్టిదో తేల్చుకోలేక కొట్లాడుకుంటూ టీ తాగడం.

"ఇంట్లో బల్బు మార్చమంటే కళ్ళు తిరుగుతాయంటాడు. పాడు కన్నాల్లోకైతే పాముకంటే ముందు దూరతాడు," అని బస్సు డ్రైవరు పెళ్ళాం ఊరంతా చెప్పుకునేది. ఆ డ్రైవరే వాళ్ళకి పెద్ద.

వాళ్ళకొక పద్ధతుంది. గనుల్లో గొంతెత్తకూడదు. పైకప్పు వదులుగా ఉంటుంది, అరుపుకి రాళ్ళు రాలతాయి. అందుకని అందరూ ఒకే తాడు పట్టుకుని నడుస్తారు. ముందున్నవాడు ఆగి తాడు ఒక్కసారి లాగుతాడు — అందరూ ఉన్నారా అని. ఆ లాగుడు చేతి నుంచి చేతికి వెనక్కి పోతుంది. ఆఖరి మనిషి రెండుసార్లు లాగి జవాబిస్తాడు. ఆ జవాబు మళ్ళీ చేతి నుంచి చేతికి ముందుకొస్తుంది. అది అందాకే కదలాలి. జవాబు రాకపోతే కొండ విరిగి మీద పడ్డా సరే, కదలకూడదు.

టైలరమ్మ తమ్ముడు ఆ తాడుకి చివర నడుస్తూనే పోయాడు.

గనిలో ఒక మలుపుంది. అక్కడ దారి పక్కనే నిలువు గొయ్యి, దాని నిండా నల్లటి నీళ్ళు. గోడకి వీపు ఆనించి జరుగుతూ పోవాలి. అక్కడ జారాడు. మిగతావాళ్ళు బయటికొచ్చి చూసుకుంటే తాడు చివర ఖాళీ. వెళ్ళి వెతికి తీసేసరికి... అయిపోయింది. పదివేళ్ళ గోళ్ళూ అరిగిపోయి ఉన్నాయి. అంటే వెంటనే పోలేదు. అంచు పట్టుకుని చాలాసేపు వేళ్ళాడాడు. ఎవరో ఒకరు వెనక్కి రాకపోతారా అని ఎదురుచూశాడు.

ఆ గోళ్ళు టైలరమ్మ చూసింది.

ఆ రోజు అతనికి ముందు నడిచినవాడు పళ్ళ డాక్టరు. ప్రతిసారీ వెనక నుంచి జవాబు అందిందని, ఆ తర్వాత కుర్రాడే ఫొటోల కోసం తాడు వదిలేసి ఉంటాడని చెప్పాడు. అందరూ నమ్మారు, టైలరమ్మ తప్ప — కుర్రాడు తాడు వదిలేశాక జవాబు లాగిందెవరు? అక్కడితో ఆగినా బాగుండేది. క్లబ్బులో కొత్తగా చేరినవాళ్ళకి తాడు పట్టడం నేర్పేది ఆ డాక్టరే. నేర్పిన ప్రతిసారీ గోడ మీది ఆ కుర్రాడి ఫొటో చూపించేవాడు.

"తాడు వదిలితే ఏమవుతుందో... ఇదిగో, ఇలా అవుతుంది."

చచ్చినవాణ్ణి మళ్ళీ మళ్ళీ చంపడమంటే అదే.

టైలరమ్మ క్లబ్బులో చేరింది. తమ్ముడి మీద ప్రేమ కొద్దీ చేరింది పాపం అనుకున్నారు. క్లబ్బు వాళ్ళ సంచులు చిరిగితే కుట్టిపెట్టేది, మోకాళ్ళకి తోలు అతుకులు వేసిపెట్టేది. డాక్టరుకి ఆవిడంటే ఎక్కడ లేని మర్యాద. అక్కా, అక్కా అంటూ వెనకే తిరిగేవాడు. పన్ను నొప్పొస్తే ఊరికే చూశాడు కూడా. ఆ కుర్చీలో నోరు తెరిచి పడుకుని, పైనున్న ఆ మొహం కేసి చూస్తూ ఆవిడ ఒకటే అనుకుంది — నీ నోరు తెరిపించే రోజు నాకూ వస్తుంది.

వచ్చింది.

గని పటం సగంలో ఆగిపోయింది కదా, పూర్తి చేద్దామని డ్రైవరు అన్నాడు. నలుగురు బయల్దేరారు. డ్రైవరు, పటం గీసే లైబ్రరీ ఆవిడ, డాక్టరు, టైలరమ్మ. గేటు దగ్గరికి చేరేసరికి పొద్దు గుంకింది.

"చివర ఎవరు?" అన్నాడు డ్రైవరు.

లైబ్రరీ ఆవిడ సంచిలో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టింది. డాక్టరు కళ్ళజోడు తుడుచుకున్నాడు, తుడిచిందే తుడిచాడు.

"నేను నడుస్తాలే అన్నయ్యా," అంది టైలరమ్మ. "నా ముందు డాక్టరుగారుంటే నాకు ధైర్యం."

"అక్కా, చివర మీరెందుకు..."

"ఏం? మీరు నడుస్తారా?"

డాక్టరు నవ్వబోయి ఆగాడు.

లోపలికి వెళ్ళారు. ముందు తడి వాసన, తర్వాత ఏ వాసనా లేదు. టార్చి వెలుగు పడినంత మేరే ప్రపంచం. నీళ్ళలో నాలుగు జతల బూట్ల చప్పుడు. తాడు బిగుస్తోంది, వదులవుతోంది. అడుగుతోంది, జవాబు చెబుతోంది.

నిలువు గొయ్యి మలుపొచ్చింది. గోడకి ఆనుకుని అందరూ దాటారు. డాక్టరు దాటాడు, మలుపు తిరిగాడు, అతని టార్చి వెలుగు కనుమరుగైంది.

టైలరమ్మ దాటలేదు. టార్చి ఆర్పేసింది. తాడు వదిలేసింది. గోడ వారన, పొడిగా ఉన్న ఒక రాయి మీద కూచుంది.

ఇదీ ఆవిడ ఎన్నాళ్ళుగానో కుట్టుమెషీను తొక్కుతూ తొక్కుతూ వేసుకున్న ఎత్తు. ఇప్పుడు ముందు నుంచి ప్రశ్న వస్తుంది. జవాబు చెప్పే చెయ్యి లేదు. డాక్టరు ఆగి వెనక్కి వచ్చి చూశాడా — సరే, మనిషే, తనే పొరబడింది. రాలేదా... మళ్ళీ తనే జవాబు లాగేసి పోయాడా... ఇద్దరు సాక్షుల ముందు దొరికిపోతాడు.

చీకట్లో నీళ్ళ మీద తాడు సర్రున ఒకసారి కదిలింది. ప్రశ్న.

ఆవిడ ఊపిరి బిగబట్టింది.

నిశ్శబ్దం... బొట్టు బొట్టుగా ఎక్కడో నీళ్ళు పడుతున్నాయి...

తర్వాత అడుగుల చప్పుడు. ముందుకే. దూరంగా, ఇంకా దూరంగా. తాడు చివర నీళ్ళలో ఈడ్చుకుంటూ ఆవిడ కాళ్ళ పక్క నుంచి వెళ్ళిపోయింది.

వెళ్ళిపోయాడు! మళ్ళీ అదే పని చేశాడు. ఆవిడ ఒంట్లో రక్తమంతా మొహంలోకి వచ్చింది. ఏడుపో, ఆనందమో ఆవిడకే తెలియలేదు.

అప్పుడు...

ఎడమ పక్క, గొయ్యి ఉన్న వైపు, నీళ్ళు గలగలమన్నాయి. ఒక మనిషి నీళ్ళలోంచి పైకి లేస్తే ఎలా గలగలమంటాయో అలా.

తడి బూట్లు. ఒక అడుగు. ఇంకో అడుగు. ఆవిడ మోకాలికి తడి గుడ్డ ఏదో రాసుకుని చల్లగా దాటిపోయింది. ఆగలేదు. తాడు పోయిన వైపే పోయింది — వరుసలో తన చోటు తెలిసిన మనిషిలా.

ఆవిడ అరవలేదు.

ఎంతసేపైందో, మలుపులో వెలుగులు ఊగాయి. వాళ్ళు ముగ్గురూ తిరిగొచ్చారు. ముందు డాక్టరే, పడుతూ లేస్తూ.

"అక్కా... అక్కా..." గుసగుసగానే పిలుస్తున్నాడు, కానీ అది ఏడుపు.

ఆవిడ టార్చి వెలిగించి సూటిగా అతని మొహం మీద వేసింది.

"బతికే ఉన్నాను. నా తమ్ముడికి ఆ అదృష్టం లేదు. చెప్పు డాక్టరూ, వాళ్ళిద్దరూ వింటున్నారు. జవాబు రాకుండానే ఎందుకు లాగావు?"

అంతవరకూ 'మీరు' అన్న మనిషి 'నువ్వు' అనేసరికే డాక్టరు కూలబడిపోయాడు. నీళ్ళలోనే, మోకాళ్ళ మీద.

"ఆ రోజు... ఆ రోజు రాలేదక్కా. నిజం. నీళ్ళు మంచులా ఉన్నాయి, కాళ్ళు తిమ్మిరెక్కాయి. వీడెప్పుడూ ఇంతే, ఫొటోలు తీసుకుంటూ ఆలస్యం చేస్తాడు అనుకున్నాను. నేనే లాగేశాను."

లైబ్రరీ ఆవిడ చేత్తో నోరు మూసుకుంది. డ్రైవరు గోడ పట్టుకుని నిలబడిపోయాడు.

"కాళ్ళు తిమ్మిరెక్కాయా?" అంది టైలరమ్మ. "వాడి గోళ్ళు అరిగిపోయాయి."

"కానీ ఈ రోజు కాదక్కా!" డాక్టరు రెండు చేతులూ చాపాడు. "ఈ రోజు ఆగాను. ఎంతసేపైనా ఆగుదామనే ఆగాను. వచ్చింది. రెండుసార్లు. తర్వాత వెనక్కి తిరిగి చూస్తే మీరు లేరు. ఇదిగో చూడండి, ఎంత గట్టిగా లాగితే..."

అరచేతులు రెండూ తోలు లేచిపోయి ఉన్నాయి. తాడు ఒరుసుకున్న చోట నెత్తురు కారుతోంది.

టైలరమ్మ ఆ చేతులు చూసింది. తన మోకాలి మీది తడి చూసుకుంది. నమ్మింది. నమ్మానని మాత్రం చెప్పలేదు.

"పదండి బయటికి," అన్నాడు డ్రైవరు. "మిగతాది బయట మాట్లాడుకుందాం. పదండి."

"పదండి," అంది టైలరమ్మ. "ఈసారి చివర డాక్టరు నడుస్తాడు."

"అక్కా... నీ కాళ్ళు పట్టుకుంటాను."

"నా కాళ్ళెందుకు? తాడు పట్టుకో."

డాక్టరు డ్రైవరు కేసి చూశాడు. డ్రైవరు తలతిప్పుకున్నాడు. లైబ్రరీ ఆవిడ కేసి చూశాడు. ఆవిడ అప్పటికే డ్రైవరు వెనక తన చోట్లో నిలబడి తాడు అందుకుంది. ఒక్కరంటే ఒక్కరు వద్దనలేదు.

గొయ్యిని వెనక వదిలి బయటి దారి పట్టారు. డ్రైవరు, లైబ్రరీ ఆవిడ, టైలరమ్మ, చివర డాక్టరు. కాస్త దూరం పోయాక ప్రశ్న వచ్చింది. టైలరమ్మ వెనక్కి అందించింది. వెంటనే జవాబు — రెండు చిన్న లాగుళ్ళు, భయం భయంగా, తోలు లేచిన చేతులతో లాగినట్టే. ఆవిడ ముందుకి అందించింది.

ఇంకాస్త దూరం. మళ్ళీ ప్రశ్న. మళ్ళీ అవే చిన్న లాగుళ్ళు. వెనక నుంచి సన్నగా గొణుగుడు వినిపిస్తోంది. లెక్కపెట్టుకుంటున్నాడో, ఏడుస్తున్నాడో.

తర్వాత ఎక్కడో గొణుగుడు ఆగిపోయింది.

మూడోసారి ప్రశ్న వచ్చింది. ఆవిడ వెనక్కి అందించింది.

జవాబు రాలేదు.

ఆవిడ నిలబడింది. ముందు ఇద్దరూ నిలబడ్డారు. కాళ్ళకింద నీళ్ళు మంచులా ఉన్నాయి, కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. వెనక్కి తిరిగి టార్చి వేస్తే సరిపోతుంది. ఒక్క పేరు పిలిస్తే సరిపోతుంది. ఆవిడ తిరగలేదు... పిలవలేదు...

అప్పుడు వచ్చింది. ఒకటి. రెండు. భుజం ఊడిపోయేంత గట్టిగా.

చిన్నప్పుడు కరెంటు పోతే, తమ్ముడు చీకట్లో చప్పుడు చేయకుండా వెనక నుంచి వచ్చి ఆవిడ జడ పట్టుకుని అలాగే లాగేవాడు. రెండుసార్లు. ఆవిడ కెవ్వుమనేది, వాడు పడీ పడీ నవ్వేవాడు. అమ్మ వచ్చి ఇద్దర్నీ తిట్టేది. ఆ లాగుడు ఆవిడ ఎన్నేళ్ళకి మరిచిపోతుంది?

తాడు పట్టుకున్న చెయ్యి చల్లబడింది. ఆవిడ పట్టించుకోలేదు.

ఆవిడ దాన్ని ఎలా వచ్చిందో అలాగే, రెండుసార్లు, ముందుకి అందించింది.

ముందు ఇద్దరూ నడిచారు. ఆవిడా నడిచింది. గేటు దాటి బయటికొచ్చేసరికి ఆకాశం నిండా చుక్కలు. డ్రైవరు వెనక్కి తిరిగి గని నోట్లోకి టార్చి వేశాడు. తాడు ఇంకా బిగువుగానే ఉంది, చీకట్లోకి పోయి.

"డాక్టరుగారూ!" ఇక అరవొచ్చు కాబట్టి గట్టిగానే పిలిచాడు. "ఏమండీ! వచ్చేయండి!"

లోపల్నుంచి మాట రాలేదు. తాడు మాత్రం కదిలింది. రెండుసార్లు.

"హమ్మయ్య," అంది లైబ్రరీ ఆవిడ. "వస్తున్నాడు."

డ్రైవరు గేటు తలుపు పట్టుకుని, టార్చి లోపలికే వేసి నిలబడ్డాడు. లైబ్రరీ ఆవిడ ఫ్లాస్కు మూత తీసి నాలుగు గ్లాసుల్లో టీ పోయడం మొదలుపెట్టింది.

టైలరమ్మ తాడు వదిలేసింది. ఒక రాయి మీద కూచుని, బూట్లు విప్పి, నీళ్ళు ఒంపేసింది.

"మూడింటిలోనే పోయమ్మా," అంది. "చల్లారిపోతుంది."