జూనియర్ అంటే కొడుకని కాదు

శనివారం పొద్దున్నే ఈనిడ్ టటిల్ తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుంటోంది. పదకొండింటికి లైబ్రరీ మేడమీద సంఘం సమావేశం. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడినవాళ్ల వంశంలో పుట్టిన ఆడవాళ్లకే అందులో చోటు. ఎవరి వంశం నిజమో కాగితాలు చూసి తేల్చే పని ముప్ఫై ఏళ్లుగా ఈనిడ్‌ది. ఆ ఒహాయో ఊళ్లో ఆవిడ ఊఁ అంటేనే ఎవరికైనా పూర్వీకులు. ఈ రోజు మనవరాలు టెస్సా దరఖాస్తు పెట్టాలి.

కూతురు కోరిన్ ఫైలు పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. టెస్సా కోసం కనెక్టికట్ నుంచి పాత రికార్డులు తెప్పించింది తనే.

"అమ్మా, ఎజ్రా పెల్టన్ గురించి మాట్లాడాలి."

"మన సైనికుడి గురించి నాకు తెలియనిదేముంది?"

"ఆ సైనికుడు ఎజ్రా వేరు, మన ఎజ్రా వేరు. మనవాడు పీపాలు చేసుకునేవాడు."

ఈనిడ్ ఇస్త్రీ ఆపలేదు.

"యుద్ధం చేసిన ఎజ్రా సీనియర్‌కి మన ఎజ్రా జూనియర్ కొడుకని నీ దరఖాస్తులో అమ్మమ్మ రాసింది. కానీ మనవాడి తండ్రి సైలస్. యుద్ధానికి ముందే పోయాడు. ఇదిగో చర్చి రిజిస్టరు."

ఆ రోజుల్లో ఒకే ఊళ్లో ఒకే పేరుతో ఇద్దరుంటే పెద్దాయన సీనియర్, చిన్నాయన జూనియర్. చుట్టరికం ఉండాలని లేదు. కొత్తగా వచ్చేవాళ్లకు ఈనిడ్ చెప్పే తొలిపాఠం ఇదే. తన కాగితాలను మాత్రం ఎన్నడూ తిరగేసి చూడలేదు. గురివింద గింజకు తన నలుపు తెలియదని ఊరికే అన్నారా!

"అంటే మా అమ్మ అబద్ధం రాసిందంటావా?"

"పొరపాటు పడిందంటున్నాను."

"ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదు. నువ్వెందుకు తవ్వడం? ఆ రిజిస్టరు కాగితం తీసేయ్. నా సభ్యత్వం ఆధారంగా టెస్సా చేరిపోతుంది."

"సంఘంలో చేరతానని వచ్చిన బెర్నిస్ గారిని ఇలాంటి జూనియర్ పొరపాటు దగ్గరే ఆపావు. ఆవిడెంత ఏడ్చిందో నీకు తెలుసు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండా, కోడలు కొట్టిన కుండ కొత్త కుండా?"

"నోరు బాగా లేస్తోందే నీకు."

"నీ పెంపకమేగా."

ఈనిడ్ కుర్చీలో కూలబడింది. "అమ్మకి అప్పటికే జబ్బు. నా దరఖాస్తు ఒక్కో వేలితో టైపు చేసింది. 'నీకివ్వడానికి ఇల్లూ పొలమూ లేవే, ఈ పేరుంచుకో' అంది. ఇదీ కాదంటే అమ్మది నా దగ్గర ఏం మిగులుతుందే?"

ఆవిడ కళ్లు నిండాయి. కోరిన్ తల్లి చెయ్యి పట్టుకుంది. ఈనిడ్ ఆ రిజిస్టరు కాగితం అందుకుని మొదటినుంచీ చదివింది.

సమావేశంలో ఈనిడ్ లేచి నిలబడి తన నివేదిక చదివింది. "మా టెస్సా దరఖాస్తు పెట్టడం లేదు. నా వంశానికీ రుజువు లేదని తేలింది. సంఘం పెద్దాఫీసుకు నేనే రాస్తున్నాను. ఆనాడు బెర్నిస్‌కి చెప్పిన కారణమే నాకూ."

అధ్యక్షురాలు సైనికుల సమాధుల మీద జెండాలు పెట్టే విషయం ఎత్తుకుంది.

తిరుగుదారిలో కారు నడుపుతూ కోరిన్ కళ్లు తుడుచుకుంది.

"నేను నోరు మూసుకోవాల్సింది. అమ్మమ్మ ఇచ్చింది పోగొట్టాను."

"రోడ్డు చూసి నడుపు." ఈనిడ్ ఫైలు ఒళ్లోకి తీసుకుంది. "అమ్మ నాలుగేళ్లు వెతికిందే. తెలియని ఊళ్లకి ఉత్తరాలు రాసింది, దగ్గుతూనే. నాకంటూ ఒక పేరుండాలని. ఆ సైనికుడు నాకేమీ కాడు. వెతికినావిడ మా అమ్మే కదా. దానికి రుజువు ఎవరడుగుతారు?"

ఆ మాట అన్నాక ఈనిడ్ వెక్కి వెక్కి ఏడ్చింది. కోరిన్ కారు పక్కకు తీసి ఆపి, తల్లిని దగ్గరకు తీసుకుంది.