నలభై నాలుగు లేని జాబితా

క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ విమానాల హ్యాంగర్ మెట్ల కింద చచ్చి పడి ఉన్నాడు. ప్యాంటు జేబులో విరిగిన స్టీలు పిన్ను ఒకటి దొరికింది. దాని మీద గుద్దిన నంబరు నలభై నాలుగు. పోలీసులు 'కాలు జారింది' అని రాసుకుని టీ తాగడానికి వెళ్ళారు. ఆ మెట్ల మీద ముప్ఫై ఏళ్ళు ఎక్కి దిగిన మనిషికి సరిగ్గా ఆ పూటే కాలెందుకు జారిందో ఒక్కడికీ తట్టలేదు. తట్టాలంటే తలకాయలో ఏదో ఒకటి ఉండాలి కదా.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి సీక్రెట్ సర్వీస్ చీఫ్ గదిలో ఏజెంట్ సున్నా ఐదు కూర్చున్నాడు. ఊరికే జరిగిపోయే అవకాశం నూటికి ఐదు కంటే తక్కువ ఉంటేనే దేన్నయినా అనుమానిస్తాడు కాబట్టి ఆఫీసులో ఆ పేరు పెట్టారు. ఇంట్లో మాత్రం ఇన్సూరెన్స్ కంపెనీలో గుమస్తా అని చెప్పుకున్నాడు.

"ఆ పిన్ను పారాచూట్‌ది" అన్నాడు చీఫ్. "తాళ్ళని ఒంటి మీది పట్టీలకి కలిపి ఉంచేది. ఇవాళ సాయంత్రం నాలుగింటికి విదేశీ అతిథులకి చూపించడానికి మూడొందల తొంభై మంది విమానాల్లోంచి దూకుతున్నారు. ఒక్కో పారాచూట్‌కి రెండు పిన్నులు. ఎనిమిది డబ్బాల్లో ఎనిమిది వందలు వచ్చాయి. విరిగినదాని చోట ఇంకోటి పెట్టేశారు. బెల్ కర్వ్ ముఠా వాటి మీద కన్నేసిందని కబురు."

విదేశీ ముఠా. దానికి బెల్ కర్వ్ అని స్టాటిస్టిక్స్ గ్రాఫు పేరు. బాంబులు పెట్టే దమ్ము లేక సరుకులో కల్తీ చేసుకు బతికేవాళ్ళకి పేరొకటి మళ్ళీ.

"దూకడం ఆపేద్దాం సార్."

"ఏమయ్యా, ఒక్క పిన్ను విరిగితే లాట్ మొత్తం చెడ్డదైపోతుందా? శాంపిల్ సైజ్ ఒకటి పెట్టుకుని నా దగ్గరకొస్తావా? సరుకు మంచిదే అని ముందు అనుకోవాలి, అదే మన నల్ హైపోథిసిస్. కాదంటే నువ్వే రుజువు చూపించు. మంచి సరుకుని ఆపావనుకో, అది టైప్ వన్ ఎర్రర్. విదేశీ అతిథుల ముందు నా పరువు పోతుంది."

"చెడ్డ సరుకుని వదిలేస్తే?"

"అది టైప్ టూ."

"అప్పుడేం పోతుంది సార్?"

చీఫ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పోయేది తన పరువు కాదు కాబట్టి ఆయనకి వెంటనే గుర్తుకు రాలేదు.

సున్నా ఐదుకి మాత్రం బాగా తెలుసు. ఆ మూడొందల తొంభై మందిలో అందరికంటే ముందు దూకేది వాడి చెల్లెలు. పొద్దున్నే ఫోన్ చేసింది. "అన్నయ్యా, నాలుగింటికి ఫైళ్ళ మీద పడి నిద్రపోకు. కిటికీలోంచి చూడు, ఆకాశంలో నీ చెల్లెలు కనిపిస్తుంది."

కింద సామాన్ల గదిలో పిస్టల్ అడిగితే పది ముఖాల పాచిక ఒకటి చేతిలో పెట్టారు. సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు. "శాంపిల్ తియ్యడానికి ఇంతకు మించిన ఆయుధం లేదు" అన్నాడు అక్కడి మాస్టారు గర్వంగా. ప్రమాదం అయితే రేడియోలో చెప్పాల్సిన కోడ్ కూడా ఆయనే ఇచ్చాడు. 'నల్ రిజెక్ట్.'

విమానాల హ్యాంగర్ గుమ్మం దగ్గర నల్ల కళ్ళద్దాల అమ్మాయి ఎదురొచ్చింది. మడమల చప్పుడు కంటే ముందు సెంటు వాసన వచ్చింది.

"చెరువు సగటు లోతెంత?" అంది.

"సగటు నమ్ముకుంటే మునిగిపోతారు" అన్నాడు సున్నా ఐదు.

కోడ్ సరిపోయింది. డిపార్ట్‌మెంట్ పంపిన స్టాటిస్టిక్స్ కన్సల్టెంట్. అందరూ నెమలి అంటారు. చీఫ్ ఆవిడ పేరెత్తినప్పుడల్లా టై సర్దుకుంటాడు.

హ్యాంగర్ స్టోర్ కీపర్ డబ్బాలు తెరిచాడు. ఒక్కో డబ్బాలో వంద పిన్నులు, సున్నా సున్నా నుంచి తొంభై తొమ్మిది దాకా నంబర్లతో వరసగా గుచ్చి ఉన్నాయి.

"ఎప్పుడూ ఎలా తీస్తావు శాంపిల్?" అని అడిగాడు సున్నా ఐదు.

"పైవరసలో ఐదు సార్. చేతికి అందుతాయి."

"కింద వరసలో ఉన్నవి?"

"అవి కూడా అలాగే ఉంటాయి కదా సార్. ఒకే డబ్బా కదా."

ఈ బుర్ర మీద మూడొందల తొంభై ప్రాణాలు వేలాడుతున్నాయి. సున్నా ఐదు పాచిక తీయబోయాడు. నెమలి నవ్వింది.

"నలభై సార్లు పాచికలాడుతూ కూర్చుంటారా? రాండమ్ నంబర్లు నేను రాసి తెచ్చా. డబ్బాకి ఐదు, మొత్తం నలభై. టైమ్ కలిసొస్తుంది."

పాచిక జేబులోకి వెళ్ళిపోయింది. ఇరవై ఏళ్ళ సర్వీసు సెంటు వాసనకి బోల్తా పడింది. నలభై పిన్నులనీ లాగే మెషీన్‌కి తగిలించి ఆరొందల కిలోల బరువు పెట్టారు. ఒక్కటి కూడా విరగలేదు. సున్నా ఐదు సంతకం పెట్టాడు. పన్నెండు గంటలకల్లా పిన్నులు పారాచూట్‌లకి ఎక్కడం మొదలైంది. ఆఖరికి ఇరవై మిగిలాయి.

మూడున్నరకి విమానాలు లేచాయి. సున్నా ఐదు ఖాళీగా కూర్చుని ఆ జాబితాని మళ్ళీ చూశాడు. చనిపోయిన ఇన్‌స్పెక్టర్ జేబులోని నలభై నాలుగు అందులో ఉందా అని. లేదు. అది పెద్ద విషయం కాదు. కానీ పదకొండు కూడా లేదు. ఇరవై రెండు లేదు. యాభై ఐదు, డెబ్బై ఏడు, ఏవీ లేవు. నలభై నంబర్లలో ఒక్కటంటే ఒక్క జంట అంకె కూడా లేదు.

కాగితం తిరగేసి లెక్క మొదలుపెట్టాడు. వంద నంబర్లలో పది జంట అంకెలు ఉంటాయి. అంటే ఒక నంబరు జంట కాకుండా ఉండే అవకాశం పదికి తొమ్మిది. వరసగా నలభై సార్లు అలాగే జరగాలంటే పాయింట్ తొమ్మిదిని నలభై సార్లు హెచ్చవేయాలి. కాలిక్యులేటర్ నొక్కాడు. పాయింట్ సున్నా ఒకటి ఐదు. నూటికి ఒకటిన్నర. వాడి గీత నూటికి ఐదు.

ఇది పాచిక రాసిన జాబితా కాదు, మనిషి రాసింది. చేత్తో రాసేవాళ్ళకి అంకె పక్కన అదే అంకె వేస్తే రాండమ్ కాదేమోనని భయం. కలగాపులగంగా కనిపించాలని తెలివి చూపించి దొరికిపోతారు. ముందే నలభై చోట్లు ఎంచుకుని అక్కడ మాత్రం మంచి పిన్నులు పెట్టారన్నమాట!

చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"ఏంటయ్యా, పదకొండు లేదని విమానాలు దించమంటావా?"

"నూటికి ఒకటిన్నరే సార్ అవకాశం."

"ఆ ఒకటిన్నర ఇదే కావచ్చుగా! అసలు ఆ అమ్మాయిని అనుమానించడానికి నీకు నోరెలా వచ్చింది? విరిగిన పిన్ను చూపించు, అప్పుడు మాట్లాడు." ఫోన్ పెట్టేశాడు.

హ్యాంగర్‌కి పరిగెత్తాడు. మూడు యాభై రెండు. ఎనిమిదో డబ్బాలో అరవైల వరస, డెబ్బైల వరస మిగిలాయి. పాచిక విసిరాడు. ఆరు. మళ్ళీ విసిరాడు. ఆరు. అసలైన రాండమ్‌కి సిగ్గు ఉండదు, వచ్చిన అంకె మళ్ళీ వస్తుంది. అరవై ఆరో పిన్నుని మెషీన్‌కి తగిలించి లివర్ నొక్కాడు.

"చెయ్యి తియ్యండి."

తలుపు దగ్గర నెమలి. చేతిలో లిప్‌స్టిక్. లిప్‌స్టిక్ కొసన తుపాకీ గొట్టం.

"ఇన్‌స్పెక్టర్‌ని తోసింది మీరేనా?"

"మీలాగే చాదస్తం. చేతికి అందినవి వదిలేసి కింద వరసలో చెయ్యి పెట్టాడు. ఎనిమిది నిమిషాలు చాలు నాకు. దూకేశాక మీరేం నిరూపిస్తే ఏంటి?"

"నాదొక సందేహం. జాబితాలో డెబ్బై ఏడు ఎందుకు రాయలేదు?"

ఆవిడ ముఖం చిట్లించింది. "డెబ్బై ఏడు రాండమ్‌గా అనిపించదు కదా."

"అనిపించదు కాబట్టే దొరికారు."

వెనక మెషీన్ ముల్లు నూట ఎనభై కిలోల దగ్గరకి వచ్చింది. ఆరొందలు మోయాల్సిన పిన్ను ఫట్‌మని విరిగింది. ముక్క ఎగిరి సూటిగా నెమలి మణికట్టుకి తగిలింది. లిప్‌స్టిక్ నేల మీద పడింది. చాటునున్న స్టోర్ కీపర్ జీవితంలో మొదటిసారి పనికొచ్చే పని చేశాడు. ఖాళీ డబ్బా తెచ్చి ఆవిడ నెత్తిన బోర్లించాడు.

మూడు యాభై తొమ్మిది. సున్నా ఐదు రేడియో అందుకున్నాడు.

"నల్ రిజెక్ట్! నల్ రిజెక్ట్!"

విమానంలోని ఆపరేటర్ గొంతు నెమ్మదిగా వచ్చింది. "ఆగండి సార్. నల్ అంటే లేదు. రిజెక్ట్ అంటే వద్దు. లేదు అన్నదాన్ని వద్దంటున్నారు. అంటే ఉన్నట్టే కదా? దూకమంటారా?"

"దూకొద్దురా నాయనా! ఒక్కరు కూడా దూకొద్దు! తలుపు ముయ్యి!"

"ఇలా మనిషి భాషలో చెప్పొచ్చుగా సార్ మొదటే" అంటూ ఆపరేటర్ తలుపు దగ్గర ఒక కాలు గాల్లోకి పెట్టిన మనిషిని నడుము పట్టుకుని లోపలికి లాగాడు.

ఐదింటికల్లా విమానాలన్నీ దిగాయి. చీఫ్ అతిథుల మధ్య నిలబడి తనకి మొదటినుంచీ అనుమానం ఉందని చెబుతున్నాడు.

ఆరింటికి చెల్లెలు ఫోన్ చేసింది. హలో కూడా అనకుండా మొదలుపెట్టింది.

"చూశావా అన్నయ్యా, ఒక కాలు బయటపెట్టాక నన్ను లోపలికి లాగేశారు! ఎవడో లెక్కల వాడట, కాగితం మీద పదకొండు లేదని అందర్నీ దింపేశాడట. ఇలాంటి వెధవలు ఎంతమంది ఉంటారు లోకంలో?"

సున్నా ఐదు పాచికని బల్ల మీద దొర్లించాడు.

"నూటికి ఐదుగురమ్మా" అన్నాడు.