చేతులు ఆపుకున్న పని

గాజువాక చిప్ కారిడార్‌లో ఏ ఫ్యాక్టరీ గేటు మీద చూసినా అదే ప్రకటన వెలుగుతోంది: "జూనియర్ ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్లు కావలెను. తొలి ఉద్యోగం కోరేవారికి మాత్రమే. అనుభవం పదేళ్లు." అంగారకుడి మీద ఊళ్లు వెలిసిన 2079లో కూడా, ఇది రాసేవాడికి బుద్ధి రాలేదు. పుట్టగానే సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవాలి కాబోలు! డిప్లొమా పట్టుకుని తిరిగి తిరిగి తనూజకు ప్రాణం విసిగిపోయింది. ఈ నెలాఖరుకు ఉద్యోగం దొరక్కపోతే హాస్టల్ ఖాళీ చేయాలి.

ఆ అవస్థ చూడలేకే ఆమె మేనత్త, నాడీ శాస్త్రవేత్త హైమవతి, 'కరస్మృతి' తయారుచేసింది. చూడటానికి అదొక పల్చటి గ్లవ్‌ల జత. మెదడు చేతికి పంపే సంకేతాలను మణికట్టు దగ్గర సెన్సర్లు పట్టి దాస్తాయి. చెయ్యి కదలకపోయినా సరే, కదలమన్న ఆజ్ఞ నరంలో నిలిచిపోయి ఉంటే చాలు. ఆ గ్లవ్‌లు ఇంకొకరు తొడుక్కుంటే, ఏళ్ల తరబడి నేర్చిన పనితనం వారాల్లో వాళ్ల చేతికొస్తుంది. రిటైరైన టెక్నీషియన్ నూకరత్నం తన ముప్పై ఏళ్ల పనితనాన్ని అడగ్గానే ఇచ్చింది.

వారాలుగా వాడుతున్న కరస్మృతిని తొడుక్కునే తనూజ ఇంటర్వ్యూకి వెళ్లింది, ఆ సంగతి దాచలేదు. పాడైన బోర్డు ఇస్తే చకచకా బాగుచేసింది. మేనేజర్ సత్యప్రసాద్ తెగ మెచ్చుకున్నాడు. ఇంత నేర్పు తమ సీనియర్లకు కూడా లేదన్నాడు. తీరా కాగితం మీద చూస్తే కొత్తవాళ్లకిచ్చే జీతమే. ఇదేమిటని అడిగింది.

"చేతులకి ముప్పై ఏళ్లు కావచ్చమ్మా, నీకు ఇరవై రెండేగా. జీతం ఇచ్చేది నీకు, చేతులకి కాదు."

తనూజకు ఒళ్లు మండింది. అయినా హాస్టల్ గుర్తొచ్చి పెన్ను తీసుకుంది. చెయ్యి సంతకం పెట్టలేదు. పెన్ను పక్కన పడేసి, సోల్డరింగ్ ఐరన్ ప్లగ్ పీకి, వైరు చుట్ట చుట్టి బల్ల మీద పెట్టి, వెళ్లి తలుపు తీసింది. ఎడమచేత్తో ఆపబోతే అదీ దానికే తోడైంది.

తిన్నగా నూకరత్నం ఇంటికెళ్లి నిలదీసింది. "మీ చేతులు నా కొంప ముంచాయి పిన్నీ. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఇలా ప్లగ్ పీకి, వైరు చుట్టేసి మధ్యలో వచ్చేసేవారా?"

ఇస్త్రీ చేస్తున్న నూకరత్నం పెట్టెను నిలబెట్టి ఆమె వైపు తిరిగింది.

"ఒక్కసారీ రాలేదమ్మా. జీతం పెంచమంటే కుదరదన్న ప్రతిసారీ చెయ్యి ప్లగ్గు మీదికే పోయేది. పిల్లలు గుర్తొచ్చి, దాన్ని గట్టిగా పట్టుకుని కూకునీదాన్ని."

ఇంతలో హైమవతి ఫోన్ చేస్తే తనూజ స్పీకర్ పెట్టింది. మేనేజర్ బేరం పంపాడట. పనితనం ఉంచి, ప్లగ్ పీకి లేచిపోయే ఆ ఒక్క సంకేతం చెరిపేస్తే రేపే చేర్చుకుంటాడట. చెరపడం చిటికెలో పని, ఏం చెయ్యమంటావని అడిగింది. ఈ గేట్ల చుట్టూ ఇక తిరగలేను, చెరిపెయ్ అని చెప్పబోయింది తనూజ.

నూకరత్నం ఆమె కుడిచెయ్యి పట్టుకుంది.

"చెరిపే ముందర, వైరు ఎలాగ చుట్టిందో ఓపాలి సూపించమ్మా. నేనెప్పుడూ సూళ్లేదు."

తనూజ ఫోన్ పెట్టేసి, ఇస్త్రీపెట్టె ప్లగ్ పీకింది.