రెండు ట్యూబుల మధ్య గంట

"మీ మిషన్ చెడిపోయింది మేడమ్."

"మా మిషన్ భేషుగ్గా ఉంది డాక్టర్ గారూ. చెడిపోయిందంటూ ఏదైనా ఉంటే అది మీ చెయ్యే అయ్యుంటుంది. ఇంతకీ ఇంజెక్షన్ ఇచ్చారా, ఇచ్చాననుకున్నారా?"

ఫోన్‌కి ఇటువైపున్న కుక్కల డాక్టరుకు ఒళ్లు మండింది. మండిందని అతననుకున్నాడు. ఆ గొంతు వింటే అతనికి ఎప్పుడూ ఏదో ఒకటి అవుతూనే ఉంటుంది. దానికి కోపమని పేరు పెట్టుకుని కాలక్షేపం చేస్తున్నాడు.

అటువైపున్నది హార్మోన్ల ల్యాబ్‌లో బయోకెమిస్టు. కుక్కల రక్తంలో ఏ హార్మోను ఎంతుందో కొలిచి చెప్పడం ఆమె ఉద్యోగం. ఈ డాక్టరు పంపే శాంపిళ్లకు వంకలు పెట్టడం ఆమె సరదా. 'రక్తం గడ్డకట్టింది, మళ్లీ పంపండి.' 'ట్యూబు మీద రాత మనుషులు చదివేలా ఉంటే బాగుంటుంది.' ఆర్నెల్లుగా ఇదే తంతు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నది లేదు. అయినా రిపోర్టు మెసేజ్‌లో వచ్చేశాక కూడా డాక్టరు పనిగట్టుకుని ఫోన్ చేసి, "ఎంతొచ్చింది మేడమ్?" అని అడిగేవాడు. డౌట్లు క్లియర్ చేసుకోవడానికట. మనం నమ్మాలి.

ఇవాళ మాత్రం సరదా కాదు. శాంపిల్ అతనింటిదే. చిన్నోడిది.

చిన్నోడంటే డాక్టరు తమ్ముడు. అంటే కుక్క. ముప్పై ఏళ్లు బళ్లో లెక్కలు చెప్పి రిటైరైన వాళ్లమ్మ, గుప్పెడంత ఉన్న ఆ కుక్కపిల్లను తెచ్చుకున్న రోజే దానికి చిన్నోడని పేరు పెట్టి, ఉన్న ఒక్క కొడుకునీ పెద్దోణ్ణి చేసేసింది. మూడు కిలోల ప్రాణి. రెండు నెలలుగా గిన్నెల కొద్దీ నీళ్లు తాగుతున్నాడు. పొట్ట కుండలా ఉబ్బింది, వీపు మీద బొచ్చు రాలిపోయింది.

"లక్షణాలన్నీ పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి మేడమ్. వాడి కిడ్నీ పక్కన గ్రంథి కార్టిసాల్‌ని కుమ్మరించేస్తోంది. మీరేమో అసలు లేదంటున్నారు."

"లేదు కాబట్టి లేదంటున్నా. ఇంజెక్షన్‌కి ముందు ట్యూబులో దాదాపు సున్నా. గంట తర్వాత ట్యూబులోనూ అంతే. ఆ ఇంజెక్షన్‌తో ఎంత బద్ధకపు గ్రంథైనా ఉలిక్కిపడి లేవాలి. ఇది కదల్లేదు. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అదే వచ్చింది."

"అయితే మూడుసార్లూ తప్పే. నేను ఈ రాత్రి నుంచి క్యాప్సూల్స్ మొదలుపెడుతున్నా."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు..." అని మొదలుపెట్టి ఆమె ఆగిపోయింది. గొంతులో సరదా పోయింది. "డాక్టర్ గారూ, వద్దు. ఆ మందు కార్టిసాల్‌ని తగ్గించేది. లేనిదాన్ని ఇంకా తగ్గిస్తే ఏమవుతుందో మీకు తెలుసు. నా నంబరు నిజమైతే వారం తిరక్కుండా చిన్నోడు మనకి దక్కడు."

మనకి అంది. మీకు అనలేదు. అంత కంగారులోనూ ఆ ఒక్క మాట డాక్టరు చెవిలో గిర్రున తిరిగింది.

"మీ నంబరు తప్పైతే? మందు లేక వాడు ఇంకా పాడైపోతాడు కదా."

"అందుకే నేనే వస్తున్నా. పరీక్ష మళ్లీ చేద్దాం. నా కళ్ల ముందు."

ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత వాన మొదలైంది.

* * *

ల్యాబ్ మేడమంటే యాభై ఏళ్ల మనిషనీ, కళ్లజోడు పెట్టుకుని ముక్కుమీద కోపంతో ఉంటుందనీ డాక్టరు ఊహించుకున్నాడు. కళ్లజోడొక్కటే నిజమైంది. తడిసిన రెయిన్‌కోటు, చేతిలో ఐస్ పెట్టె, మంచు పట్టినట్టు మసకబారిన అద్దాలు. అవి తీసి తుడుచుకుంటూ క్లినిక్ గుమ్మంలో నిలబడిన అమ్మాయిని చూసి, అతను ఆర్నెల్ల నుంచీ దాచుకున్న సమాధానాలన్నీ ఒక్కసారిగా మర్చిపోయాడు.

"డాక్టర్ గారు మీరేనా?" అంది అద్దాలు లేని కళ్లు చికిలించి.

"అనుకుంటాను," అన్నాడు.

బెంచీ మీద చిన్నోణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న వాళ్లమ్మ ఫక్కున నవ్వింది. "ఫోన్లో మావాణ్ణి చీవాట్లు పెట్టేది నువ్వేనా తల్లీ?"

"నేనే ఆంటీ. సారీ."

"సారీ ఎందుకు? బాగా పెడతావు. వీడు స్పీకర్లో పెట్టుకుని వింటాడుగా, నేనూ వింటుంటాను."

"అమ్మా!" అన్నాడు డాక్టరు. చెవులు ఎర్రబడ్డాయి. ల్యాబ్ మేడమ్ తుడిచిన అద్దాలనే మళ్లీ తుడవడం మొదలుపెట్టింది.

డాక్టరు చిన్నోడి రక్తం మొదటి ట్యూబు తీశాడు. ఆమె పక్కనే నిలబడి చూసింది. సూది సరిగ్గానే పడింది. ఇంజెక్షన్ ఇచ్చాడు. దానికీ ఆమె వంక పెట్టలేకపోయింది. ఇక గంట ఆగాలి. ఆ గంటలో ఎవరికీ ఏ పనీ లేదు. లెక్కల టీచరు వాచీ చూసి, "నాలుగూ పది," అని ప్రకటించి న్యూస్‌పేపర్ అందుకుంది.

"వేరే మందులేమైనా వాడుతున్నారా?" అని మేడమ్ అడిగింది. "చెవి చుక్కలు, కంటి చుక్కలు?"

"ఏమీ లేవు. ఆ మాత్రం నేనూ ఆలోచించాను."

"కోప్పడకండి. నాకూ భయంగానే ఉంది. మధ్యాహ్నం మిషన్ కంపెనీ వాళ్లకి ఫోన్ చేసి నేనే తిట్లు తిన్నాను, మిషన్ బాగానే ఉందని. నంబరు నాదైనా ప్రాణం వాడిది కదా."

డాక్టరు కాఫీ కలిపి తెచ్చాడు. ఆమె ఒక గుక్క తాగి, కప్పులోకి చూస్తూ అంది.

"చిన్నోడంటే మీ అబ్బాయనుకున్నాను."

"నాకు అబ్బాయా?"

"మీరు ఫోన్ చేసినప్పుడల్లా వెనకనుంచి ఒక ఆడగొంతు. 'చిన్నోడికి స్నానం చేయించావా, చిన్నోడు అన్నం తిన్నాడా' అని. సంసారం ఉన్న మనిషి, పని లేక ఫోన్ చేస్తున్నాడని తిట్టుకునేదాన్ని. మొన్న ట్యూబు మీద చూశాను. 'చిన్నోడు, మగకుక్క, తొమ్మిదేళ్లు' అని."

"చూసి?"

"చూసి... పరీక్ష చేశాను."

"అంతేనా?"

"ఇంకేం చేస్తారు ల్యాబ్‌లో?"

న్యూస్‌పేపర్ వెనక నుంచి దగ్గు వినిపించింది. అందులో జలుబు లేదు.

చిన్నోడు ఒళ్లోంచి దిగి, పొట్ట ఊపుకుంటూ డాక్టరు కుర్చీ దగ్గరికొచ్చి, వేలాడుతున్న అతని చేతిని నాకడం మొదలుపెట్టాడు. ఒక్కో వేలూ వంతులవారీగా, పాయసం గిన్నె దొరికినంత శ్రద్ధగా. డాక్టరు తల ఎత్తేసరికి ల్యాబ్ మేడమ్ తనవైపే చూస్తోంది. చూపు తిప్పుకోలేదు.

"ఆ చెయ్యి ఇలా ఇవ్వండి," అంది.

న్యూస్‌పేపర్ ఇంకాస్త పైకి లేచింది. అతను చెయ్యి చాపాడు. ఆమె రెండు చేతులా పట్టుకుంది. వేళ్ల సందుల్లో చర్మం పగిలి, ఎర్రగా గీతలు గీతలుగా ఉంది.

"ఇదేమిటి, ఇలా అయిపోయింది?"

"రోజుకి యాభైసార్లు కడుగుతాను కదా, మందు సబ్బుతో. పడలేదు. ఫర్వాలేదు లెండి, ఆయింట్‌మెంట్ రాస్తున్నా." ఎలాగైనా ఆమెను నవ్వించాలని కలిపాడు. "మామూలుది కాదు మేడమ్, మాంచి ఘాటైన స్టెరాయి..."

మాట సగంలో ఆగిపోయింది.

ఇద్దరూ కిందికి చూశారు. చిన్నోడు రెండో చేతిని వెతుక్కుని దాని పనిలో పడ్డాడు.

"రోజూ నాకుతాడా?" అని మెల్లగా అడిగింది.

"రాత్రి భోజనమయ్యాక. నేను రాసుకుని కూర్చోగానే వస్తాడు. ప్రేమ అనుకున్నాను."

"ఎన్నాళ్లుగా?"

"నాలుగు నెలలు." అతని మొహం పాలిపోయింది. "కార్టిసాల్ పని చేసే స్టెరాయిడ్ బయటినుంచి తేరగా వస్తుంటే లోపలి గ్రంథికి పనేముంది? పడుకుంది. ఒళ్లేమో కార్టిసాల్ ఎక్కువైపోయినట్టే ఉబ్బింది. మీ నంబరు సరైనదే. ఆ క్యాప్సూల్ గనక..."

చేతులు వెనక్కి లాక్కుని, చిన్నోడికి అందకుండా పైకెత్తి, పోలీసులకు దొరికిపోయినవాడిలా నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. చిన్నోడు పైకి చూసి తోకాడించాడు.

న్యూస్‌పేపర్ దిగింది. "చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదేరా పెద్దోడా," అంది వాళ్లమ్మ. తర్వాత లేచి వచ్చి కొడుకు వీపు నిమిరింది. "తెలిసింది కదా. ఇక చాలు. ఐదూ పది అవుతోంది, రెండో ట్యూబు తియ్యి."

* * *

రెండో ట్యూబులోనూ సున్నాయే వచ్చింది. ఎవరూ ఆశ్చర్యపోలేదు.

నిద్రపోతున్న గ్రంథిని ఉన్నపళంగా లేపకూడదు. కాబట్టి చిన్నోడికి చిన్న మోతాదులో స్టెరాయిడ్ మాత్ర ఇచ్చి, వారం వారం తగ్గిస్తూ వచ్చారు. డాక్టరు ఆయింట్‌మెంట్ పారేసి సబ్బు మార్చాడు, గ్లౌజులు తొడిగాడు, రాత్రిళ్లు ఉత్త కొబ్బరినూనె రాసుకున్నాడు. చిన్నోడి పొట్ట తగ్గింది. వీపు మీద నూగు నూగుగా బొచ్చు మొలిచింది.

ఫోన్లు మాత్రం ఆగిపోయాయి. రిపోర్టు మెసేజ్‌లో వస్తే చదువుకుని ఊరుకునేవాడు. ఏ మొహం పెట్టుకుని చేస్తాడు? ఆమె చెయ్యి పట్టుకున్నది రోగం ఎక్కడుందో చూడటానికి. ఇతనేమో సంబరపడ్డాడు. తన ఇంటి కుక్కను తన చేత్తోనే పాడుచేసుకున్న డాక్టరుతో ఆమెకేం పని అనుకున్నాడు. అటు ల్యాబ్‌లో ఒకావిడ ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడి, అది ఇంకెవరిదో అయినప్పుడల్లా ఆ ఇంకెవర్నో తిడుతోందని అతనికేం తెలుసు!

మళ్లీ పరీక్ష చేయాల్సిన రోజు వచ్చింది. గ్రంథి లేచిందో లేదో తేలిపోతుంది. లేవకపోతే చిన్నోడు బతికినంత కాలం మాత్రల మీదే. ట్యూబుల కోసం ల్యాబ్ మనిషి వస్తాడని చూస్తుంటే, ఐస్ పెట్టె పట్టుకుని మేడమే వచ్చింది. వాన కూడా వెంట వచ్చింది.

ఇంజెక్షన్ అయింది. లెక్కల టీచరు వాచీ చూసి, గొడుగు తీసి, చిన్నోణ్ణి చంకనేసుకుంది.

"వీడికి గాలి తగలాలి. గంటలో వస్తాం."

"ఇంత వానలోనా అమ్మా?"

"వానలో గాలి ఉండదట్రా?" అని వెళ్లిపోయింది.

మేడమ్ ఐస్ పెట్టె మూత తీసి, మళ్లీ పెట్టింది.

"ఫోన్ పాడైందా డాక్టర్ గారూ?" అంది మేడమ్.

"లేదు. సిగ్గేసింది. ఆ రోజు మీరు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. నా చెయ్యి చూడగానే మీకు అనుమానం వచ్చింది చూశారూ, అది..."

"నాకే అనుమానమూ రాలేదు."

"మరి చెయ్యి ఎందుకడిగారు?"

ఆమె కళ్లజోడు తీసింది. వాన నీళ్లేమీ లేవు, అయినా తుడిచింది.

"ఆర్నెల్లు గొంతొక్కటే విన్నాను. ఆ రోజు మొదటిసారి మనిషిని చూశాను. కుక్క చెయ్యి నాకుతుంటే కదలకుండా, దానికి ఇబ్బంది అవుతుందేమోనని వేలు కూడా కదపకుండా కూర్చున్నారు. పట్టుకోవాలనిపించింది, అడిగేశాను. పగుళ్లు తర్వాత కనబడ్డాయి. రోగం కనిపెట్టింది మీరే. నన్నెందుకు మెచ్చుకుంటారు?"

డాక్టరు చెయ్యి చాపాడు.

"ఇప్పుడు కొబ్బరినూనే," అన్నాడు.

"తెలుస్తోంది. వాసన వస్తోంది," అంది నవ్వుతూ, పట్టుకుని.

ఆ గంట ఎటు పోయిందో ఇద్దరికీ తెలియదు. తలుపు దబదబా బాదిన చప్పుడుకు ఉలిక్కిపడి చేతులు వదిలేశారు. "గంటయింది! రెండో ట్యూబు ఎవరు తీస్తారు, నేనా?" అని బయటి నుంచి లెక్కల టీచరు కేక.

* * *

సాయంత్రం ఫోన్ మోగింది. డాక్టరు అలవాటు ప్రకారం స్పీకర్ నొక్కాడు. అలవాటు ప్రకారం మర్చిపోయాడు.

"లేచింది డాక్టర్ గారూ! మొదటి ట్యూబులో మామూలుగా ఉంది, రెండోదాంట్లో ఎంత పెరగాలో అంత పెరిగింది. ఇక మాత్ర అక్కర్లేదు. చిన్నోడు మనకి దక్కాడు!"

"మనకి," అన్నాడు.

"అవును. మనకి."

డాక్టరు ఫోన్‌ని రెండు చేతులా పట్టుకున్నాడు. "మేడమ్, మనం పెళ్లి చేసుకుందామా? తొందరపడకండి, ఆలోచించి చెప్పండి. ఎన్నిసార్లయినా..."

"మూడుసార్లు ఆలోచించాను," అంది ఆమె. "మూడుసార్లూ అదే వచ్చింది."

"ఏది వచ్చింది?"

"ఇంకేం రావాల్రా మొద్దూ, సరేనంది!" అంటూ వంటింట్లోంచి వాళ్లమ్మ గరిటెతో సహా వచ్చేసింది. "తల్లీ, మీ ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పు, ఆదివారం మేమొస్తున్నాం. పెద్దోడూ, చిన్నోడూ, నేనూ."

అటువైపు "ఆంటీ, మీరు విన్నారా!" అని చిన్న కేక వినబడింది. ఆ తర్వాత నవ్వు.

ఈ గోలకు చిన్నోడు లేచొచ్చి, డాక్టరు చేతిని ఒకసారి నాకి చూశాడు. పాత రుచి లేదు. అయినా అతని పాదాల దగ్గరే చుట్టుకుని పడుకున్నాడు.