పిల్లిపాదం వదలని రుమాలు

గద్దముక్కు డిటెక్టివ్ పేపరు మడిచి పక్కన పెట్టేలోపే దర్జీ అమ్మాయి తలుపు తోసుకుని వచ్చింది. మెడలో కొలత టేపు ఇంకా వేలాడుతూనే ఉంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మా నాన్న చెయ్యలేదండీ. గంటలో ఇన్‌స్పెక్టరు వస్తాడట. ఈ వయసులో మళ్ళీ లోపలికెళ్తే ఆయన ప్రాణాలతో బయటికి రాడు."

ఆ నాన్న సామాన్యుడు కాదు. పిల్లిపాదం! పదకొండు బ్యాంకులు దోచిన మహానుభావుడు. నడిస్తే ఆయన నీడక్కూడా అలికిడి తెలిసేది కాదట. శిక్ష ముగిశాక కూతురి పంచన చేరాడు. ఇప్పుడాయన కథనే సినిమా తీస్తున్నారు. సలహాలకి ఆయన, కుట్టుపనికి ఆవిడ. ఆ పొద్దున నిర్మాత గదిలో సొరుగు పగలగొట్టి, ఆయన భార్య వజ్రాల హారం ఎవరో ఎత్తుకుపోయారు. సొరుగులో ముడివేసిన తెల్ల రుమాలు వదిలారు. సినిమాలో పిల్లిపాదం దోచిన చోటల్లా వదిలేది సరిగ్గా అదే.

"పదవోయ్" అన్నాడు డిటెక్టివ్. అసిస్టెంటు లేచాడు. అసిస్టెంటంటే బావమరిదే. బావ తుమ్మినా అందులో ఆధారం వెతికే భక్తుడు.

స్టూడియోలో ముసలాయన ఆ సొరుగు ముందే కూర్చుని తల పట్టుకున్నాడు.

"చూడండి బాబూ ఈ గీతలు! స్క్రూడ్రైవరుతో కెలికాడు వెధవ. ఈ పని నాదంటే జైల్లో నా శిష్యులు నవ్విపోరూ?"

"మరి రుమాలో?"

"దొంగెక్కడైనా చిరునామా వదిలిపోతాడా? ఆ కట్టుకథ ఈయనది."

పక్కనే నిలబడ్డ సినిమా రచయిత గొంతు సవరించుకున్నాడు. "నాదేనండీ. సినిమాలో దొంగకి ఒక చేతిలో తుపాకి. రెండో చేత్తో, పళ్ళతో ముడి. మొన్న పెద్దాయన అందరి ముందూ నన్ను కడిగేశాడు."

"అందరూ విన్నారా?"

"లైట్లు మోసేవాళ్ళ దాకా. హీరోగారొక్కరే లేరు. షాట్ రెడీ అంటే తప్ప ఆయన గడప దాటరు."

"ఇవాళ్టి షాట్ ఎవరిది?"

"పొద్దుట్నుంచీ ఆయనొక్కరిదే."

డిటెక్టివ్ రుమాలు విప్పాడు. ఒక కొస నలిగి, దాని మీద చర్మం రంగు మరక ఉంది.

"చూశావా?"

"చూశాను బావా" అన్నాడు బావమరిది. ఏం చూశాడో మాత్రం అతనికే తెలియదు.

ఇన్‌స్పెక్టరు రాగానే అందర్నీ బ్యాంకు సెట్లోకి పిలిచారు. ప్లైవుడ్డు బ్యాంకు. గట్టిగా దగ్గితే గోడ ఊగుతుంది.

"పాత పోలీసు ఫైలు తెరిస్తే రుమాలు కథ తేలిపోతుంది" అన్నాడు డిటెక్టివ్. "అది కట్టుకథని తెలిసినవాడు దాన్ని సాక్ష్యంగా పెట్టడు. నిజమని నమ్మినవాడే పెడతాడు. పెద్దాయన తిట్లు విననివాడు ఒక్కడే. ఇక ఈ మరక మేకప్పుది. కొస పళ్ళతో పట్టి లాగినప్పుడు అంటింది. ఇవాళ ముఖానికి రంగేసుకున్నవాడూ ఒక్కడే."

హీరో పకపకా నవ్వాడు. "నాకు హారమెందుకయ్యా? నా కుక్కకే బంగారు గొలుసుంది."

"హారం కాదు, తమకి కావలసింది వార్త. 'సొంత సినిమా సెట్లోనే పిల్లిపాదం మళ్ళీ చేతివాటం!' రేపది పేపర్లో పడితే థియేటర్ల ముందు జనం బారులు తీరరూ?"

"సినిమా విడుదలయ్యాక చెప్పేసేవాణ్ణి కదా!" అన్నాడు హీరో. అనేశాక నాలుక కరుచుకున్నాడు.

"అప్పటిదాకా మా నాన్న లాకప్పులో ఉండాలా?" అంది దర్జీ అమ్మాయి. హీరో తన బూట్ల వంక చూసుకున్నాడు.

"హారమేది?" గద్దించాడు ఇన్‌స్పెక్టరు.

"ఇక్కడే... ఏదో ఒక లాకర్లో."

గోడ నిండా నూటయాభై లాకర్లు, అన్నీ కవలపిల్లల్లా ఉన్నాయి. ఎందులో పెట్టాడో ఆ మహానటుడికే గుర్తు లేదు.

పిల్లిపాదం లేచాడు. వేళ్ళు విరుచుకుని, చెవి ఆనించి, వేలి కణుపుతో ఒక్కొక్కటే తట్టుకుంటూ పోయాడు. మూడో వరుసలో ముసలాయన చెయ్యి ఆగింది. జేబులోంచి కూతురి కుట్టుసూది తీసి తాళంలో ఇలా తిప్పాడో లేదో తలుపు తెరుచుకుంది.

హారం తీసి నిర్మాత చేతిలో పెట్టి, కూతురి వైపు తిరిగాడు.

"పన్నెండో బ్యాంకమ్మా. పోలీసాయన పక్కనుండగా తెరిచింది ఇదొక్కటే. ఇంటికి పోదాం పద."