మౌనప్రభ గురుకులం నుయ్యి

కూర్మన్నపాలెం జంక్షన్‌లో ఆటో తోలేవాళ్ళని ఎవర్నైనా అడగండి, పొద్దుగూకాక సముద్రం వైపు పాతరోడ్డుకి వస్తారా అని. రారు. బతిమాలినా రారు. ఎందుకురా అంటే ఒక్కటే మాట చెబుతారు.

"అక్కడ హారన్ మోగదు బావా."

వినగానే నవ్వొస్తుంది. దెయ్యం ఉందన్నాక ఏడుపో, గజ్జెల చప్పుడో వినపడాలి కదా! అక్కడ అదేమీ లేదు. మౌనప్రభ గురుకులం గేటు ముందు హారన్ నొక్కితే చప్పుడు రాదు. గేటు దాటి రోడ్డు మీద ముందుకెళ్తే మళ్ళీ మామూలే. వెంటపడి మొరిగే కుక్క అక్కడికొచ్చేసరికి నోరు తెరుస్తుంది — మొరుగు మాత్రం రాదు. వానాకాలం గోతుల నిండా నీళ్ళున్నా కప్ప అరవదు. అంత పెద్ద సముద్రం, కూతవేటు దూరంలో ఉన్న సముద్రం... అది కూడా అక్కడ వినపడదు.

లోపల, వెనకవైపు, ఒక నుయ్యి ఉంది. చప్పుళ్ళన్నీ ఆ నూతిలోకే పోతాయంటారు.

ఆ నూతిలోనే వీరేంద్ర దొరికాడు.

వాడు జాలరిపేట కుర్రాడు. అయిదో తరగతి. తండ్రి నూకాలు బోటు మీద వేటకెళ్తాడు. తల్లి పోతమ్మ తట్టలో చేపలు పెట్టుకుని వీధులు తిరుగుతుంది. ఒక్క పిల్లాడైనా సముద్రం మీద కాకుండా నేల మీద బతకాలని ఆవిడ కోరిక. గురుకులంలో తిండీ చదువూ ఉచితం, పైగా దేవుడి నీడ అన్నారు పెద్దమనుషులు. పిలక పెట్టించి, పంచె కట్టించి పంపింది. కార్తీకమాసంలో ఒక తెల్లవారుజామున వాడు నూతిలో తేలాడు.

కాలుజారి పడ్డాడని ముందు చెప్పారు. మెడ మీద వేళ్ళ గుర్తులున్నాయని డాక్టరు రాశాక మాట మార్చి, "గుర్తు తెలియని వ్యక్తులు" అన్నారు.

చుట్టూ రెండు నిలువుల ప్రహరీ. రాత్రి గేటుకి తాళం. లోపల స్వాములు, పంతుళ్ళు, పిల్లలు. ఇక గుర్తు తెలియనివాళ్ళు ఎవరు? ఆ ప్రశ్న అడిగిన ఇన్‌స్పెక్టర్ బదిలీ అయిపోయాడు. తరవాత వచ్చినాయన, చట్టం తన పని తాను చేసుకుపోతుంది అన్నాడు. చట్టం అలాగే తన పని తాను చేసుకుంటూ ఎటో వెళ్ళిపోయింది. గురుకులం ఊరు మారింది. కొత్త ఊళ్ళో కొత్త భవనం, కొత్త దాతలు, అవే శాలువాలు.

ఇదంతా చూసి మండిపోయింది వాడి అక్క సాయిదుర్గ. డిగ్రీ చదువుతోంది. కలెక్టరాఫీసు ముందు ఎన్నిసార్లు ఎండలో కూర్చుందో ఆమెకే గుర్తులేదు. 'ప్రశ్నించే గొంతును నొక్కలేరు', 'మౌనం కూడా నేరమే' అని అట్టముక్కల మీద ఎర్రరంగుతో తనే రాసేది. మొదట్లో వెనక పెద్ద గుంపు ఉండేది. కిందటి ధర్నాకి తనూ, తల్లీ, ఆవలిస్తున్న ఒక కానిస్టేబులూ మిగిలారు. దెయ్యాల మాట ఎత్తితే దుర్గకి ఒళ్ళుమంట. మనుషులు చేసిన హత్యని దెయ్యం కథ చేసేస్తే చేసినవాళ్ళు హాయిగా నిద్రపోవచ్చు, అంతేగా అనేది.

అలాంటి దుర్గ చీకటి పడ్డాక, బిందే తాడూ పట్టుకున్న తల్లి వెంట, ఆ నూతి దగ్గరికి బయల్దేరింది.

మర్నాడు దాన్ని పూడ్చేస్తున్నారు. స్థలం రిసార్టు కట్టేవాళ్ళ చేతికి పోయింది. జేసీబీ అప్పటికే గేటు లోపల పెట్టి ఉంది.

పోతమ్మ వాళ్ళ ఇళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. నీళ్ళలో పోయినవాణ్ణి నీళ్ళలో వదిలేయరు. చీకటి పడ్డాక తల్లి అక్కడికి వెళ్ళి మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తుంది. అల కొట్టినా, పిట్ట కూసినా, ఏదో ఒక చప్పుడు వస్తే వాడు పలికినట్టే. ఆ నీళ్ళు బిందెలో ముంచి, గుడ్డ కప్పి, ఇంటికి తెచ్చి దేవుడి మూల పెట్టుకుంటారు. ఇక వాడు ఇంట్లోవాడే. పలక్కపోతే మాత్రం తేకూడదు. ఇన్నాళ్ళూ కేసు నడుస్తోందని గేటుకి సీలు వేసి పోతమ్మని లోపలికి రానివ్వలేదు. ఇప్పుడు ఈ ఒక్క రాత్రే మిగిలింది. నూకాలు వేటలో ఉన్నాడు.

ఆటో పాతరోడ్డు మొదట్లోనే దింపేసింది. అక్కణ్నించి నడక.

"ఆ ఫోను లైటెయ్యే గుంటా. రాళ్ళున్నాయి," అంది పోతమ్మ.

"ఏసేను. నువ్వు సూసి నడు. పడ్డావంటే నిన్ను కూడా బిందెలో పెట్టుకెల్లాలి."

"ఎకసెక్కాలు సాలు గానీ... నమ్మకం నేనిదానివి ఎందుకొచ్చినావే?"

"నా ధర్నాలకి నువ్వు నమ్మే వచ్చినావేటి?"

పోతమ్మ చీకట్లో చిన్నగా నవ్వింది. చాలా కాలం తరవాత నవ్వింది.

గేటుకి ఇవతలే సూరన్న ఎదురొచ్చాడు. ముసలాయన. గురుకులంలో గంట కొట్టి, వాకిలి ఊడ్చి బతికినవాడు. ఇప్పుడు కొన్నవాళ్ళు అతన్నే కాపలా పెట్టారు.

"బేగి కానిచ్చీయండి సెల్లీ," అన్నాడు తాళంచెవి తీస్తూ. "నోపల గట్టిగా మాటాడినా నాభం నేదు. నిలబడదు."

ఆ మాట దుర్గకి అర్థం కాలేదు. గేటు దగ్గరికొచ్చి లోపల అడుగుపెట్టేసరికి అర్థమైంది.

కాళ్ళకింద కంకర చప్పుడు ఆగిపోయింది.

చెప్పులు ఈడ్చి చూసింది. లేదు. చేతులు చరిచింది. అరచేతులు మండాయి గానీ చప్పుడు లేదు. దూరంగా స్టీలుప్లాంటులో కరిగిన ఎర్రటి చిట్టెం పారబోసినట్టున్నారు, ఆకాశం ఒక్కసారి కుంకుమలా వెలిగింది. ఆ వెలుగులో పిల్లల పడకగది కిటికీలు వరసగా కనిపించి... మళ్ళీ చీకట్లో కలిసిపోయాయి.

పోతమ్మ నూతి గట్టు పట్టుకుని వంగింది. ఊపిరి తీసుకుంది. వీధి చివరికి వినపడేలా చేపలమ్మిన గొంతు అది.

"ఒరే వీరేంద్రా..."

ఆ గొంతు పెదవుల దగ్గరే రాలిపోయింది. పక్కనే ఉన్న దుర్గకి అది గుసగుసగా చేరింది.

ఎదురుచూశారు. నీరు కదల్లేదు.

"వీరేంద్రా... నాయనా..."

ఏమీ లేదు.

మూడోసారి పిలిచేటప్పుడు పోతమ్మ మెడ నరాలు ఉబ్బడం దుర్గ చూసింది. తల్లి నోరంతా తెరిచి అరుస్తోంది. చెవికి అందింది మాత్రం ఎవరో నిద్రలో గొణిగినంత.

నుయ్యి పలకలేదు.

పోతమ్మ గట్టు కింద కూలబడింది. "ఆడికి నా మీద కోపమే," అని గుసగుసగా అంది. "ఒద్దమ్మా, ఇంటికొచ్చేత్తానని ఏడిసినాడు. నానే పంపినాను గదే..."

దుర్గ ఒక రాయి తీసి కసిగా నూతిలోకి విసిరింది. రాయి నీళ్ళలో పడింది. ఆ నల్లటి అద్దం పగిలి వలయాలు పుట్టాయి.

చప్పుడు లేదు.

దుర్గకి కోపం ముంచుకొచ్చింది. గిర్రున తిరిగి, వెనకే వచ్చి నిలబడ్డ సూరన్న చొక్కా పట్టుకుంది.

"ఏటి సేసినారు ఈడ? సెప్పు!"

ముసలాయన విడిపించుకోలేదు. వంగి, ఇద్దరికీ అందేలా గుసగుసగా చెప్పాడు.

"రేత్రి గంట కొట్టినాక పిల్లలు మాటాడకూడదు తల్లీ. పొద్దుటి గంట దాకా మౌనం. అది ఈడ నియమం. నిద్దట్లో కలవరించినా బెత్తమే. మీవోడు ఒకపాలి అమ్మా అని కలవరించినాడని... మూడు పూటలు తిండి పెట్టనేదు."

పోతమ్మ తలెత్తింది.

"ఆ రేత్రి ఎవరో వచ్చి ఈణ్ణి రెక్క పట్టి నేపినారంట. పక్కల మీది పిల్లలు సూసినారు, ఆనక ఒకడు నా సెవిలో సెప్పినాడు. సీకట్లో మొకం తెలవనేదు. అరిత్తే నేను నిద్దర నేచి వద్దును, ఊరంతా నేచును..." సూరన్న నూతి వైపు చూశాడు. "ఈడు అరవనేదు తల్లీ. పిల్లలూ నోరిప్పనేదు. గంట కొట్టనేదు గదా ఇంకా."

"పోలీసులకి సెప్పలేదా ఆళ్ళు?"

"తెల్లారకముందే బస్సెక్కించి ఎవరింటికాళ్ళని పంపీసినారు."

దుర్గ చేయి జారిపోయింది. మౌనం కూడా నేరమే అని ఎర్రరంగుతో రాసిన చేయి అది. ఇక్కడ పదేళ్ళ పిల్లలకి మౌనమే భక్తి అని నేర్పారు. నేర్చుకున్నవాడు చచ్చిపోతూ కూడా పాఠం తప్పలేదు.

ఒక ఆలోచన ఆమె ఒంట్లో చలిలా పాకింది.

"సూరన్నా... ఆ పొద్దున్న గంట ఎవరు కొట్టినారు?"

"కొట్టొద్దన్నారు. నూతిలో శవముంటే గంటేటన్నారు. ఆ తరవాత మరి కొట్టనేనేదు."

వీరేంద్రకి కోపం లేదు. వాడు ఇంకా నియమం పాటిస్తున్నాడు. వాడికింకా తెల్లారలేదు.

వరండాలో దూలానికి రైలు పట్టా ముక్క వేలాడుతోంది. పక్కనే ఇనప సుత్తి. తను దేన్ని నమ్ముతోందో, దేన్ని నమ్మదో దుర్గ ఆ క్షణంలో ఆలోచించలేదు. రెండు చేతులా సుత్తి ఎత్తి, ఇన్నాళ్ళ కోపాన్నంతా దానిలో పెట్టి కొట్టింది.

గంట మోగింది.

చెవులు పగిలేలా మోగింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ. గోతుల్లో కప్పలు ఒక్కసారిగా ఎత్తుకున్నాయి. రోడ్డు మీద కుక్కలు ఏడ్చాయి. ఎవరో తలుపు తీసినట్టు సముద్రం హోరుమని లోపలికి వచ్చింది...

ఆ హోరు మధ్యలో, నూతి అడుగునుంచి —

"అమ్మా."

వీరేంద్రే. అనుమానం లేదు. అక్కకి తెలియదా ఆ గొంతు!

"వత్తన్నాను... వత్తన్నాను నాన్నా..." పోతమ్మ ఏడుస్తోందో నవ్వుతోందో తెలియదు. బిందె మెడకి తాడు బిగించి వదిలింది. బుడబుడమని నీళ్ళు నిండాయి. పైకి లాగి, కొంగు చింపి కప్పి, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు చంకనెత్తుకుంది. దుర్గ పరిగెత్తుకొచ్చి ఆ తడి బిందెకి చెంప ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది.

"పదవే. నాన్నొచ్చే ఏళకి ఇంట్లో ఉండాల," అంది పోతమ్మ. ఆవిడ ముఖం తేటపడింది. ముగ్గురూ గేటు వైపు నడిచారు.

"అమ్మా..."

దుర్గ ఆగిపోయింది. బిందెలోంచి కాదు. వెనకనుంచి. నూతిలోంచి.

అది వీరేంద్ర గొంతు కాదు. ఇంకా చిన్నది. నత్తి ఉంది.

"అమ్మా." ఇంకొకటి. బొంగురుగా.

"అమ్మా." మరొకటి.

సూరన్న మోకాళ్ళ మీద పడిపోయాడు. "పారిపోనారన్నారే..." రెండు చేతులా తల బాదుకుంటున్నాడు. "ఈడికి ముందు... కొందరు పిల్లగుంటలు చదువు అబ్బక గోడ దూకి పారిపోనారన్నారే... అందరం నమ్మీసినాం గదా..."

దుర్గ తల్లి వైపు చూసింది. పోతమ్మ నిలబడిపోయింది. ఎర్రటి వెలుగు మరోసారి ఆకాశాన్ని ముంచెత్తింది. గేటు పక్కన జేసీబీ పళ్ళు మెరిశాయి.

పోతమ్మ బిందెని కూతురి చంకకి మార్చింది.

"ఈణ్ణి దించకు," అంది.

వెనక్కి నడిచింది. నూతి గట్టు మీద మోచేతులు ఆనించి, చీకట్లోకి బాగా వంగింది.

"ఎవరి గుంటడివి నాయనా నువ్వు? ఏ వూరు?"

నుయ్యంతా ఒక్కసారి కదిలింది. లోపల్నించి పేర్లు, ఊళ్ళు, అమ్మల పేర్లు... ఒకదాని మీద ఒకటి పడుతూ, తోసుకుంటూ పైకొస్తున్నాయి.

"ఉండండ్రా," అంది పోతమ్మ. "ఒకరొకరే సెప్పండి. అందరూ ఒక్కపాలి మాటాడితే నాకు తెల్దు."